థెల్మా పూలమడిలో నారింజ రంగు

ఆ ఆదివారం పదకొండుంపావుకి, రెండు చేతుల్లో చెరో పాలసీసాతో, నా ఇంటి గేటు ముందు క్యూలో ముప్పై నాలుగోవాడిగా నిలబడ్డాను.

మా ఊరు నెదర్‌కూంబ్‌లో ఏటా జూన్ రెండో ఆదివారం తోటలు తెరుస్తాం. టికెట్టు కొన్నవాళ్ళెవరైనా ఆ రోజు మా పెరళ్ళలోకి వచ్చి పూలు చూడవచ్చు, మొక్కల పేర్లు అడగవచ్చు, వంటింటి కిటికీలోంచి తొంగిచూసి మా గిన్నెల మీద ఒక అభిప్రాయం ఏర్పరచుకోవచ్చు. వచ్చిన డబ్బు చర్చి పైకప్పుకు పోతుంది. ఆ కప్పు నా పెళ్ళినాటికే కారుతోంది.

తోట తెరవాల్సింది పదకొండింటికి. పదిన్నరకు చూసుకుంటే ఇంట్లో పాలు లేవు. వచ్చినవాళ్ళకు టీ ఇవ్వకుండా తోట ఒక్కటే చూపించిన మనిషి గురించి మా ఊళ్ళో ఇరవై ఏళ్ళు చెప్పుకుంటారు. దుకాణానికి పరిగెత్తాను. నాలాగే పాలు మరిచిపోయిన తోటల యజమానులందరూ అక్కడ వరసగా నిలబడి ఉన్నారు. తిరిగి వచ్చేసరికి ఇదీ పరిస్థితి.

"క్షమించండి, ఇది నా ఇల్లు" అని ముందుకు వెళ్ళిపోవచ్చు కదా అని మీరనవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ ముప్పై ముగ్గుర్ని దాటుకుంటూ వెళ్ళే మనిషి మొదటి మూడు క్షణాలు వాళ్ళ కళ్ళకు ఎలా కనిపిస్తాడు? తర్వాత ఎంత సంజాయిషీ ఇచ్చుకున్నా ఆ మూడు క్షణాలు అలాగే ఉండిపోతాయి. మా నాన్న ఒకసారి నిప్పంటుకున్న సినిమాహాల్లోంచి కూడా వరసలోనే బయటికి వచ్చాడు. ఆ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం.

వీధి తలుపు సంగతి అడగకండి. మా ఊళ్ళో వీధి తలుపులు పెళ్ళికూతుళ్ళకూ శవపేటికలకూ. నాది అప్పటికి రెండేళ్ళా నాలుగు నెలల కిందట, థెల్మాను తీసుకువెళ్ళడానికి తెరిచాం. ఆ తర్వాత చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. బిగుసుకోనిచ్చాను.

మామూలు రోజయితే క్యూలో నిలబడటం నాకు కష్టమేమీ కాదు. ఎండ బాగుంది, ముందు నిలబడ్డవాళ్ళు మర్యాదస్తులు. కానీ పన్నెండు లోగా లోపలికి వెళ్ళి ఒక పువ్వు పీకాలి. పీకకపోతే థెల్మా పూలమడి పోతుంది.

థెల్మా నా భార్య. పెరట్లో పొదకంచె పొడుగునా, పదహారు అడుగులు వేస్తే గాని దాటలేని పూలమడి ఆమెది. ఏ మొక్కా ఒంటరిగా అందంగా ఉండదనీ, పక్కన ఏముందన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుందనీ అనేది. వెనక వరసలో తెల్ల ఫాక్స్‌గ్లవ్‌లు, లేత నీలం డెల్ఫినియాలు. వాటి కాళ్ళ దగ్గర ఊదా జెరేనియంలు. ముందు అంచున లేడీస్ మాంటిల్ అనే మొక్క. వాన పడితే దాని ఆకుల మీద నీళ్ళు పాదరసంలా నిలుస్తాయి, పూలు పాలమీది నురగలా పసుపుపచ్చగా పొంగుతాయి. మధ్యలో ఒకే ఒక తెల్ల గులాబీ. ఏది ఏ వారం పూస్తుందో, అప్పుడు పక్కది ఏ ఆకుతో ఉంటుందో, రంగు పెన్సిళ్ళతో ఒక నోటుపుస్తకంలో గీసుకునేది.

ఆ మడిలో ఆమె రానివ్వనిది ఒక్కటే, నారింజ రంగు. "అది రంగు కాదు డెస్మండ్, అరుపు" అనేది. క్యారెట్లు తెచ్చినప్పుడు కూడా సంచి మూతి కట్టుకుని తోట దాటేది.

ఆమెకు ఇంకొన్ని అలవాట్లు ఉండేవి. చివరి పది పదకొండేళ్ళు, ప్రతి మార్చిలోనూ వంటింటి కిటికీలో గుడ్ల అట్టపెట్టె పెట్టి, అందులో ఒకే ఒక్క బంగాళదుంపను మొలకెత్తనిచ్చేది. మేం కూరగాయలు పెంచం. ఏప్రిల్లో ఆ దుంప మాయమయ్యేది. నేను అడగలేదు. ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో కొన్ని అడగకపోవడమే మంచిదని తెలుసుకున్నాను.

ఆమె పోయాక ఆ నోటుపుస్తకం ముందు పెట్టుకుని మడిని కాపాడుకుంటూ వచ్చాను. నేను కాలేజీలో భూగోళం చెప్పినవాణ్ణి. పటం చూసి దారి పట్టగలను. కానీ పటం చూసి నడిచేవాడికీ ఆ ఊరివాడికీ తేడా ఉంటుంది కదా. రెండో వేసవి గడిచాక నాకు అనుమానం పట్టుకుంది. ఇది ఇంకా థెల్మా మడేనా, లేక ఆమె పేరు పెట్టి నేను పెంచుతున్న అబద్ధమా? ఏప్రిల్లో ఒక రోజు పొదకంచె మీదుగా లవీనియాను అడిగేశాను.

లవీనియా మా పక్కింటావిడ, తోటల కమిటీ అధ్యక్షురాలు. ఆవిడ తోటలో గులాబీ రంగు తప్ప ఇంకో రంగు ఉండదు. ఈ ఊళ్ళో థెల్మాతో సమానంగా రంగులు తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే.

"తోటలు తెరిచిన రోజు మీరొచ్చి చూడండి," అన్నాను. "ఇది థెల్మా మడే అని మీరంటే ఉంచుతాను. కాదంటే అంతా తీసేసి పచ్చిక పరిచేస్తాను."

ఆవిడ కత్తెర మూసి కంచె మీద పెట్టింది. "తీర్పు నన్ను చెప్పమంటారా?"

"మీరు కాకపోతే ఇంకెవరు చెబుతారు?"

"సరే. పన్నెండింటికి వస్తాను. మొహమాటానికి మాత్రం చెప్పను, ముందే అంటున్నాను."

వాన రాకముందే గొడుగు కొనే మనిషిని నేను. పచ్చిక చుట్టలు శుక్రవారమే తెప్పించి షెడ్డు వెనక పేర్చాను. మూడు రోజుల్లో పరవకపోతే అవి పసుపుబారి చచ్చిపోతాయట. తెచ్చినతను చెప్పి మరీ వెళ్ళాడు.

ఇక ఆ పువ్వు. థెల్మా పోయిన వసంతంలో మడి నడిమధ్యన, తెల్ల గులాబీ పక్కన, బొచ్చు ఆకుల మొక్క ఒకటి లేచింది. నోటుపుస్తకంలో ఆ చోట ఏ పేరూ లేదు, నారింజ రంగు చుక్కలు మాత్రం ఉన్నాయి. ఆ పుస్తకం నిండా అలాంటి చుక్కలే. థెల్మా ఉదయం రొట్టె మీద మార్మలేడ్, అంటే నారింజతొక్కల జాము, పూసుకుని తింటూ గీసుకునేది కాబట్టి ఆ మరకలనుకున్నాను. మొక్క కూడా ఆమె పెట్టిందే అనుకున్నాను. రెండేళ్ళు దానికి ఎరువు వేశాను, నత్తలు ఏరాను, గాలికి ఒరిగిపోకుండా కర్ర పాతి పురికొసతో కట్టాను. ఆ ఏడు పావురం గుడ్డంత మొగ్గ వేసింది. నా చేత్తో థెల్మా మొక్క మొగ్గ వేసిందని ఎంత పొంగిపోయానో చెప్పలేను.

ఆ ఆదివారం ఉదయం మొగ్గ మీది తొడుగు చిట్లింది. లోపల మడత పెట్టిన పట్టుగుడ్డలా, నిప్పులాంటి నారింజ.

గసగసాల పువ్వు. మనం తినే గసగసాలది కాదు, దాని పెద్దింటి బంధువు. పీకేద్దామని వంగాను. అప్పుడే పాలు గుర్తొచ్చాయి. వచ్చాక పీకవచ్చులే అనుకున్నాను.

క్యూలో నా ముందు ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఇద్దరికీ డెబ్బై దాటి ఉంటాయి.

"అస్తమానం వెనక్కి చూస్తావేంటక్కా, గేటు ముందుంది," అంది చిన్నావిడ.

"చూడనివ్వవే బెరిల్. ఆయన చేతిలో పాలున్నాయి. తోట చూడటానికి పాలెందుకో?"

"ఆయన పాలు, ఆయనిష్టం. మొన్న బస్సులో నువ్వు టోస్టరు పట్టుకుని కూర్చోలేదూ?"

"అది పాడైంది."

"పాడైతే ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారా?"

పెద్దావిడ నా వైపు తిరిగింది. "ఏమండీ, ఎండకి విరిగిపోతాయి. ఇలా నా గొడుగు నీడలోకి పెట్టండి. నేను మేవిస్, ఇది నా చెల్లెలు. దీని మాటలు పట్టించుకోకండి."

గొడుగు కాస్త నా వైపు వంచింది. ఆ కాస్త వంపు నాకు ఇప్పటికీ గుర్తుంది. రెండేళ్ళుగా నా నెత్తిన ఎవరూ ఏ నీడా పట్టలేదు.

"ఇంటాయన ఒంటరివాడట పాపం," మేవిస్ గొంతు తగ్గించింది. "భార్య పోయాక కిటికీలు కూడా తుడవడట."

"నెలకోసారి తుడుస్తాడు," అన్నాను, ఆపుకోలేక.

"మీకెలా తెలుసు?"

"నేను ఈ దగ్గర్లోనే ఉంటాను."

"అయితే మీరైనా చెప్పకూడదూ, నెలకోసారి చాలదని?" అంది బెరిల్.

చెబుతానన్నాను.

పదకొండుంముప్పావుకి గేటు దగ్గరికి చేరాను. టికెట్లు చూస్తున్నతని పేరు కాలిన్. జనవరిలో చెరువు వైపు కొత్త ఇళ్ళలోకి వచ్చాడు, ఊరికి ఏదైనా చేయాలని తహతహలాడుతున్న మనిషి. నన్నెప్పుడూ చూడలేదు. మెరిసే పసుపు కోటు వేసుకున్నాడు.

"టికెట్ సార్?"

"అది కాదు బాబూ, నేను..."

నా వెనక ఇరవైమంది. ఎవరో చిన్నగా దగ్గారు. ఇప్పుడు సంగతంతా మొదటి నుంచీ చెప్పి వాళ్ళను ఇంకాసేపు ఎండలో నిలబెట్టడం న్యాయమా?

"టికెట్ లేదా? ఏం పర్లేదు సార్, ఇక్కడే ఇస్తాను. పెద్దవాళ్ళకి తగ్గింపు ఉంది. మీరు పెద్దవాళ్ళేనా?"

"అవుననే అనుకుంటున్నాను."

డబ్బు తీసుకుని నా కోటు మీద 'అతిథి' అన్న ఆకుపచ్చ కాగితం అంటించాడు. "బాణం గుర్తులు చూసుకుంటూ వెళ్ళండి సార్. వెనక్కి నడవకూడదు, గడ్డి తొక్కకూడదు. ఇంకోటి. ఇంటాయన ఎదురైతే ఆయన భార్య ఊసెత్తకండి. తట్టుకోలేడట."

"అలాగే. ఎదురైతే ఎత్తను," అన్నాను.

గేటు నుంచి పూలమడికి సూటిగా తొమ్మిది అడుగులు. కాలిన్ బాణాలు మాత్రం ఎరువు గుంత, నీళ్ళ పీపా, షెడ్డు, మళ్ళీ ఎరువు గుంత చుట్టూ తిప్పి తీసుకువెళ్తున్నాయి. అడ్డంగా వెళ్దామని పచ్చిక మీద కాలు పెట్టానో లేదో, పదేళ్ళ పిల్ల ఒకతె "తాతగారూ!" అని వేలు చూపించింది. కాలు వెనక్కి తీసుకున్నాను. మీకూ నాకూ మధ్య మాట, ఆ అడుగు వెనక్కే పడింది. అదీ తప్పే.

అలా తిరుగుతుంటే ఒక విచిత్రం జరిగింది. రెండేళ్ళుగా ఆ తోటలో ఎప్పుడూ కింద కలుపు చూసుకుంటూ, వంగి నడిచినవాణ్ణి. ఇప్పుడు చేతుల్లో పాలు, ముందొకరు, వెనకొకరు. వంగడానికి వీల్లేదు. తలెత్తి చూడాల్సి వచ్చింది. డెల్ఫినియాలు కంచె కంటే ఎత్తుకు పోయి, ఆ వెనక ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియనివ్వడం లేదు. గంటల్లాంటి ఫాక్స్‌గ్లవ్ పూలలోకి తుమ్మెదలు నడుం దాకా దూరి, వెనక్కి వెనక్కి వస్తున్నాయి, తప్పు ఇంట్లో అడుగుపెట్టినవాళ్ళలాగ. బాగుంది. టికెట్టు దండగ కాలేదనిపించింది.

మడి ముందు జనం అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. మగవాళ్ళు టోపీలు తీసి చేత్తో పట్టుకున్నారు.  నిప్పు పూర్తిగా విచ్చుకుంది. అన్నంపళ్ళెమంత పువ్వు, మధ్యలో నల్లటి బొట్టు, చుట్టూ ఊదా జెరేనియంలు. ఈ మాట థెల్మా వినకూడదు గాని, ఆ ఊదా పక్కన ఆ నారింజ వెలిగిపోతోంది.

"అదేనట," ఎవరో గుసగుసలాడారు.

"ఏది?"

"ఆవిడ ఆఖరి మొక్క. ఆసుపత్రి మంచం మీంచి చెప్పిందట, నీలాల మధ్య ఒక్క దీపం పెట్టమని."

"నేను విన్నది వేరు. ఆయనకు కల్లోకి వచ్చి చెప్పిందట."

తోట తెరిచి గంట కాలేదు. ఒకావిడ తన నోటుపుస్తకంలో ఆ కలయికను బొమ్మ గీసుకుంటోంది. ఇంకొకాయన కళ్ళు తుడుచుకుని, ఎందుకు తుడుచుకున్నానా అన్నట్టు రుమాలు వైపు చూశాడు. థెల్మా ఆసుపత్రి మంచం మీంచి నాతో అన్న ఆఖరి మాట, ఫ్రిజ్‌లో జున్ను పాడవుతుందని. అది వాళ్ళకు చెప్పబుద్ధి కాలేదు.

పన్నెండుకి ఆరు నిమిషాలు. పాలసీసాలు నేలమీద పెట్టి, అందరూ ఆ బొమ్మ చూస్తున్న సందు చూసుకుని, చెయ్యి చాపి కాడ పట్టుకున్నాను.

చటుక్కున చేతి ముణుకు మీద గొడుగు దెబ్బ పడింది.

"ముట్టుకోకండి!" అంది బెరిల్. "సిగ్గులేదూ? ఇంటాయన గుండెకోత అది!"

"అదేంటండీ," మేవిస్ నావైపు ఎంతో బాధగా చూసింది. "మిమ్మల్ని గొడుగులోకి రానిచ్చాం కదా."

"కలుపు మొక్కండీ అది," అన్నాను నీరసంగా.

చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఒక అడుగు వెనక్కి వేసి, నాకూ వాళ్ళకూ మధ్య ఖాళీ వదిలారు. మా దేశంలో రాళ్ళు వేయడమంటే ఇదే.

అప్పుడు లవీనియా వచ్చింది. గులాబీ రంగు టోపీ, చేతిలో అట్ట, దానికి కట్టిన పెన్సిలు. అధ్యక్షురాలు కాబట్టి ఆవిడకు బాణాలు వర్తించవు. గేటు నుంచి సూటిగా ఆ తొమ్మిది అడుగుల దారిన వచ్చింది. ఏడో అడుగు దగ్గర ఆగిపోయింది. పువ్వు చూసింది. అట్ట కిందికి దిగింది.

నావైపు తిరిగింది. "డెస్మండ్ గారూ, మీ కోటు మీద అతిథి అని ఎందుకుంది?"

తర్వాతి నాలుగు నిమిషాలు నా జీవితంలోకల్లా ఇబ్బందికరమైనవి. మేవిస్ నాకు క్షమాపణ చెప్పింది. బెరిల్ నా ముణుకుకు క్షమాపణ చెప్పింది. నేను ముందే చెప్పనందుకు వాళ్ళిద్దరికీ చెప్పాను. గేటు దగ్గర నుంచి కాలిన్ పరిగెత్తుకొచ్చి డబ్బు తిరిగి ఇవ్వబోయాడు, నేను వద్దన్నాను, చర్చి కప్పు అన్నాను, అతను మళ్ళీ సారీ అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాయన ఏ సంబంధమూ లేకుండా వచ్చి సారీ చెప్పి వెళ్ళాడు. చివరికి పదేళ్ళ పిల్ల కూడా చెప్పింది. ఆ పిల్లకు మాత్రం నేను చెప్పాను, నువ్వు చేసింది సరైనదేనమ్మా అని.

లవీనియా గులాబీ చెట్టు పక్క బెంచీ మీద కూర్చుంది. పక్కన కూర్చోమన్నట్టు సైగ చేసింది. కూర్చున్నాను.

"దీన్ని ఎవరు పూయనిచ్చారు?" అంది, పువ్వు మీంచి చూపు తిప్పకుండా.

"నేనే."

"ఆ కర్ర?"

"నేనే పాతాను. గాలికి ఒరుగుతోందని."

"ఎరువు కూడా వేశారేమిటి కొంపదీసి?"

"పదిహేను రోజులకోసారి."

ఆవిడ గొంతులోంచి వింత చప్పుడు వచ్చింది. నవ్వో ఏడుపో తెలియలేదు. ఆవిడకూ తెలియలేదనుకుంటాను.

"మీ మాట మీరు చెప్పేయండి," అన్నాను. "ఇది థెల్మా మడేనా?"

"కాదు," అంది లవీనియా. "థెల్మా మడిలో ఇది విచ్చుకునేదే కాదు."

షెడ్డు వెనక పేర్చిన చుట్టలు గుర్తొచ్చాయి. మూడో రోజు రేపే. సరేనన్నట్టు తల ఊపాను. 

"ఆగండి, నేనింకా అయిందనలేదు," అంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అది నేను వేసిందే."

"ఏది?"

"ఆ పువ్వు. పదకొండేళ్ళు, ఏటా ఆగస్టులో. ఎండిన కాయను కంచె సందులోంచి ఇటు పెట్టి, ఇదిగో ఇలా, మిరియాల డబ్బా విదిలించినట్టు విదిలించేదాన్ని. దానికోసమే నా షెడ్డు వెనక ఒక మొక్క పెంచుకుంటున్నాను."

కంచె వైపు చూశాను.

"థెల్మా నా డేలియాలు చూసి ఏమందో మీకు గుర్తులేదా? నారింజ డేలియాలు. ఊరంతా మెచ్చుకున్నవి."

"లేదే."

"'చాలా ధైర్యంగా ఉన్నాయి లవీనియా' అంది. అందరి ముందూ."

బాగోలేదని మర్యాదగా అనడమది. ఇంతకంటే కటువైన మాట మా ఊళ్ళో నేను వినలేదు.

"మర్నాడే అన్నీ పీకేశాను. అప్పట్నుంచి నా వైపు గులాబీ రంగే. నారింజంతా ఇటు పంపించేశాను."

"థెల్మాకి తెలుసా, మీరే అని?"

"తెలియకేం? ప్రతి మే నెలలోనూ నా గులాబీల నడుమ బంగాళదుంప మొక్క లేచేది. ఒక్కటే. సరిగ్గా మా డ్రాయింగ్ రూమ్ కిటికీకి ఎదురుగా."

గుడ్ల అట్టపెట్టె, కిటికీ, మొలకలు. నోటుపుస్తకంలోని చుక్కలు. మార్మలేడ్ కాదు అవి. పీకిన ప్రతి మొలకకూ ఒక చుక్క.

"మరి మీరిద్దరూ దీని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదా?" అన్నాను. "ప్రతి గురువారం కలిసి టీ తాగేవారు కదా."

"మాట్లాడుకోవడమా?" లవీనియా నిజంగా నొచ్చుకుంది. "ఛ, ఛ. మేం స్నేహితులం."

 మా బెంచీ వెనక సన్నటి సవ్వడి వినిపించింది. తిరిగి చూస్తే క్యూ. పదిమంది దాకా ఉన్నారు. ఎందుకు నిలబడ్డారో వాళ్ళెవరికీ తెలియదని మొహాలే చెబుతున్నాయి. మేం చూడగానే అందరూ మర్యాదగా ఎరువు గుంత వైపు చూశారు.

"ఆ దుంపలు ఏం చేసేవారు?" అని అడిగాను.

"ఉడకబెట్టుకుని తినేదాన్ని. వెన్నా పుదీనా వేసి. మంచి రకం ఎంచేది మీ ఆవిడ, జూలై మొదటికే చేతికొచ్చేవి." ముక్కు తుడుచుకుంది. "పదకొండేళ్ళలో ఒక్క పువ్వు విచ్చనివ్వలేదు డెస్మండ్ గారూ. మొగ్గ దాకా కూడా రానివ్వలేదు. ఆవిడ పోయాక నాకు చల్లబుద్ధి కాలేదు. ఇది ఆఖరిసారి విదిలించినదాంట్లోది. అంత్యక్రియలకి వచ్చాను, చర్చిలో నిలబడి చదివాను, మీకు కూర కూడా వండి తెచ్చాను..."

"చేపల కూర," అన్నాను. "బాగుంది."

"బాగోలేదు, ఉప్పు వేయడం మరిచిపోయాను. అదంతా చేశాను కదా. అయినా ఇవాళ ఈ రంగు చూసేదాకా, థెల్మా లేదన్న సంగతి నాకు తెలియలేదు."

ఇద్దరం పువ్వు వైపు చూస్తూ కూర్చున్నాం. ఒక రేక మీద తేనెటీగ వాలి, బరువుకి రేకతో సహా కిందికి ఊగింది.

"అయితే రేపు పచ్చిక పరిచేస్తాను," అన్నాను. "మాటంటే మాటే కదా."

లవీనియా నావైపు తిరిగి, క్లాసులో నిద్రపోయిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"మీరు పచ్చిక పరిస్తే ఆగస్టులో నేను గింజలు ఎక్కడ చల్లుకోవాలి?"

"మళ్ళీ చల్లుతారా?"

"మడి ఎవరిదన్నది గింజలు చల్లేవాళ్ళు తేల్చేది కాదు. పీకేవాళ్ళు తేల్చేది. బొచ్చు ఆకు కనిపించగానే పీకేయండి. మొదటి ఏడే, వేలెడు కాకముందే. కర్రలు పాతకండి, పురికొసలు కట్టకండి. అప్పుడొచ్చి అడగండి ఇది థెల్మా మడేనా అని." లేచి టోపీ పెట్టుకుంది. అట్ట మీద ఏదో రాసింది. "ఇవాళ్టికి మాత్రం ఉంచండి. జనం ముచ్చటపడుతున్నారు."

"నిజం చెప్పనా? ఆ ఊదా పక్కన..."

"అనకండి," అంది లవీనియా. "నాకు తెలుసు. పదకొండేళ్ళ నుంచీ తెలుసు. అందుకే అక్కడ చల్లాను. అనకండి."

పాలు విరగలేదు. మేవిస్, బెరిల్ మా వంటింట్లోకి వచ్చి, అడక్కుండానే కప్పులు కడిగి, అరవైమందికి టీ పోశారు. బెరిల్ వెళ్తూ వెళ్తూ వంటింటి కిటికీ కూడా తుడిచింది. సాయంత్రం కాలిన్ బాణం గుర్తులు ఏరుకుంటూ షెడ్డు వెనకనుంచి కేకేశాడు.

"సార్, ఈ చుట్టలేంటి సార్? పసుపుబారుతున్నాయి!"

అతని కొత్త ఇంటి ముందు బురద తప్ప ఏమీ లేదట. మూడు విడతలుగా చేతిబండిలో తోసుకువెళ్ళాడు, ప్రతి విడతకూ ఒకసారి సారీ చెబుతూ.

మర్నాడు ఉదయం సన్నగా తుంపర పడుతోంది. గసగసాల పువ్వును కోసి గ్లాసులో పెట్టి, వంటింటి బల్ల మీద ఉంచాను. మొక్కను పారతో తవ్వి తీశాను. వేరు ముల్లంగిలా లోతుకు దిగింది. చాలా బలంగా ఉంది, నా ఎరువుకి. థెల్మా పెన్సిళ్ళ డబ్బా తెరిచాను. మిగతావన్నీ జానెడేసి ఉన్నాయి, నారింజ పెన్సిలు మాత్రం గోరంత ముక్క. నోటుపుస్తకంలో తెల్ల గులాబీ పక్కన ఒక చుక్క పెట్టాను.

కూరగాయల బుట్టలో అడుగున ఒక బంగాళదుంప మొలకెత్తి ఉంది. జూన్ సగానికి వచ్చింది, నాటే కాలం దాటిపోయింది. అయినా పట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళాను. డెల్ఫినియాల వెనక, నేల మట్టానికి, కొమ్మల మధ్య ఒక కంత కనిపించింది. ఇన్నేళ్ళూ నేను చూడనిది. ఒక చెయ్యి పట్టేటంత. అంచుల్లో కొమ్మలు రెండు వైపుల నుంచీ రాపిడికి నున్నబడి ఉన్నాయి.

మోకాళ్ళ మీద కూర్చుని, చేతిపారతో సహా భుజం దాకా దూర్చాను. అటువైపు మట్టి మెత్తగా ఉంది. గుంత తీశాను, దుంప పెట్టాను, మొలకలు పైకి ఉండేలా తిప్పాను. కప్పుతుండగా అటు, రెండడుగుల దూరంలో, కత్తెర చప్పుడు ఆగింది. తడిసిన బూట్ల జత ఒకటి నా చెయ్యి పక్కనే ఆగింది. ఊపిరి తీయకుండా ఉండిపోయాను. చెయ్యి వెనక్కి తీస్తే కొమ్మలు చప్పుడు చేస్తాయి.

కొంతసేపటికి లవీనియా గొంతు వినిపించింది, వీధి చివరికి వినిపించేటంత గట్టిగా.

"పద బుజ్జిపిల్లీ, లోపలికి పోదాం. వాన వస్తోంది. ఇక్కడ చూడటానికి ఏమీ లేదు."

బూట్లు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి. తలుపు మూసుకుంది. తీరిగ్గా మట్టి కప్పి, అరచేత్తో రెండుసార్లు అదిమి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

లవీనియాకు పిల్లి లేదు.